తాతయ్య పుట్టింది ఏ సంవత్సరం? ఒక్క తేదీకి ఆధారం రాయడానికి నాకు పట్టిన ఏడాది

మా పెద్దన్నయ్య కూతురు అమెరికాలో తొమ్మిదో తరగతి చదువుతోంది. పోయినేడు స్కూల్లో కుటుంబ చరిత్ర మీద ప్రాజెక్ట్ ఇచ్చారట. నేను ఆన్‌లైన్‌లో పెట్టిన మా వంశవృక్షం చూసి ఒక రాత్రి వాట్సాప్‌లో అడిగింది: "బాబాయ్, ముత్తాత 1932లో పుట్టారని రాశావు కదా. అది ఎక్కడ చూశావు?"

వాళ్ల ముత్తాత అంటే మా తాతయ్య, నాన్నగారి నాన్న. ఆయన పేరు కింద ఆధారం అని ఒక గడి ఉంటుంది. అందులో నేను ఎప్పుడో "కుటుంబ సభ్యులు చెప్పారు" అని రాసి వదిలేశాను. ఏ సభ్యుడు, ఎప్పుడు చెప్పాడు, ఆయనకెలా తెలుసు, ఇవేవీ లేవు. నాకే గుర్తు లేదు. పిల్లకి ఏం చెప్పాలో తోచక, "చూసి చెప్తానమ్మా" అన్నాను.

ముందు చేసిన పని, తాతయ్య పేరుతో ఇంకెవరైనా వివరాలు పెట్టారేమోనని వెతకడం. దూరపు బంధువుల వంశవృక్షాలు మూడు కనిపించాయి. మూడింట్లోనూ 1932. హమ్మయ్య, ముగ్గురూ అదే అంటున్నారు కదా అనుకున్నాను. తీరా చూస్తే మా ఊరి పేరు రాసేటప్పుడు నేను చేసిన అక్షరదోషం ఆ మూడింట్లోనూ అలాగే ఉంది. అవి మూడు సాక్ష్యాలు కావు, నా ఒక్క మాటే మూడు చోట్లకి పాకింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాతయ్య గురించి నేను రాసిన తప్పు, తప్పో ఒప్పో కూడా తెలియకుండా, అప్పుడే ముగ్గురి ఇళ్లలో నిజమైపోయింది.

సంక్రాంతికి చీరాల దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు నాన్నగారి ట్రంకు పెట్టె తీయించాను. అందులో రెండు కాగితాలు దొరికాయి. ఒకటి తాతయ్య ఎలిమెంటరీ స్కూలు రికార్డు షీటు. పుట్టిన తేదీ 1-7-1932. రెండోది ఆయన జాతకం. నాలుగు మూలలా పసుపు పూసిన కాగితం, మడత దగ్గర చినిగి, వెనక ఎవరో గోధుమ రంగు పేపరు అతికించారు. పై వరుస చదవగలిగాను: "స్వస్తిశ్రీ చాంద్రమాన ఆంగీరస నామ సంవత్సర మాఘ శుద్ధ ఏకాదశీ సోమవారం". ఆంగీరస అంటే ఫోన్‌లో చూస్తే 1932 అని వచ్చింది. రెండు కాగితాలూ కలిశాయి కదా, ఇక తిరుగులేదనుకుని పిల్లకి ఫోటోలు పంపబోయాను.

ఆపింది మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు. రికార్డు షీటు చూడగానే, "జూలై ఒకటా? అయితే అది మాస్టారు పెట్టిన తేదీ అయ్యుంటుంది నాయనా" అన్నారు. ఆ రోజుల్లో పిల్లాణ్ణి బడికి తీసుకొస్తే, కుడి చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారట. అందితే అయిదేళ్లు నిండినట్టు. సంవత్సరం అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసి, బడి తెరిచే రోజులకి సరిపోయేలా ఒక తేదీ వేసేవారు. "ఒకే పేజీలో పది మందికి జూలై ఒకటి ఉండటం నా కళ్లతో చూశాను" అన్నారు. తాతయ్యని బళ్లో వేసింది 1937 జూలైలో అని ఆ షీటులోనే ఉంది. సరిగ్గా అయిదేళ్లు వెనక్కి పోతే 1-7-1932. అంటే తాతయ్య ఎప్పుడు పుట్టాడో ఆ కాగితానికి తెలియదు. ఆయన చెయ్యి చెవికి ఎప్పుడు అందిందో మాత్రమే తెలుసు.

ఆ మాట విన్నాక నా పద్ధతే మారిపోయింది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఒకటే అడుగుతున్నాను: దీనికి ఈ సంగతి ఎలా తెలుసు? ఎవరు చెప్తే రాశారు, పుట్టిన ఎన్నాళ్లకి రాశారు? ఆధారం రాయడమంటే కాగితం పేరు రాయడమే అని ఎన్నేళ్లో అనుకున్నాను. ఈ ప్రశ్నకు జవాబు కూడా అందులో ఉండాలని అప్పటిదాకా నాకు తట్టలేదు.

జాతకం సంగతికొస్తే, ఆంగీరస సంవత్సరం 1932 ఉగాదికి మొదలై 1933 మార్చి చివర్లో ముగిసింది. మాఘమాసం దాదాపు ఆఖరున వస్తుంది కాబట్టి ఆంగీరస మాఘం పడింది 1933లో. మా నాన్నగారి తరంలో ఎవరో సంవత్సరం పేరు ఒక్కటే చూసి 1932 అనేసి ఉంటారు. పుష్యం ఆఖర్లోనో మాఘ, ఫాల్గుణాల్లోనో పుట్టినవాళ్లందరి విషయంలో ఈ పొరపాటు జరగడానికి వీలుంది. మీ ఇళ్లలోనూ ఒకసారి చూసుకోండి.

పక్క ఊరి సిద్ధాంతిగారు లెక్క కట్టి 1933 ఫిబ్రవరి 6 అన్నారు. నేనూ సరిచూసుకున్నాను. ఫిబ్రవరి 10న పౌర్ణమి, నాలుగు రోజులు వెనక్కి పోతే ఏకాదశి, ఫిబ్రవరి 6 సోమవారం. వారం కూడా కలిసింది. ఒక ఏడాది ముందటి మాఘ ఏకాదశి చూస్తే అది బుధ, గురువారాల్లో పడింది, సోమవారం దరిదాపుల్లో లేదు. జాతకంలో వారం రాసి ఉంటే దాన్ని వదలకండి. తిథి ఒక్కటే చాలక సందేహం వచ్చినప్పుడు తేల్చేది అదే. జన్మసమయం సూర్యోదయం నుంచి 14 ఘడియల 20 విఘడియలు అని ఉంది. ఘడియకి 24 నిమిషాలు, అంటే మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతం. పట్టపగలు కాబట్టి చిక్కు లేదు. అర్ధరాత్రి దాటాక పుట్టి ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. మన లెక్కలో తెల్లవారేదాకా ముందురోజు వారమే, ఇంగ్లీషు తేదీ మాత్రం మారిపోతుంది. మా చిన్న మేనత్త జాతకంలో ఒక రోజు తేడా ఎందుకొస్తోందో అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు.

అయినా జాతకం ఎప్పుడు రాశారో దాని మీద లేదు. పుట్టిన పదో రోజున రాయించారో, పెళ్లి చూపులకి రాయించారో చెప్పలేం. అప్పట్లో జననం నమోదయి ఉంటే ఆ రిజిస్టరు చూడాల్సిందే అనుకున్నాను.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకి 1899లోనే చట్టం ఉంది. పల్లెటూళ్లలో ఆ పుస్తకం రాసేది గ్రామ మునసబు. ఇప్పుడున్న 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరు వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. ధైర్యంగా దరఖాస్తు పెట్టాను. రెండు నెలలు తిప్పి, ఆ ఏడాది రికార్డు లభ్యం కాలేదని ఒక కాగితం ఇచ్చారు. అది చూసి మా బాబాయి ఒకాయన, "ఎందుకురా ఈ టెన్షన్, అఫిడవిట్ వేసి ఇప్పుడు రిజిస్టర్ చేయించెయ్, చక్కగా సర్టిఫికెట్ వస్తుంది" అన్నాడు. ఆలస్యంగా నమోదు చేయించుకోవడానికి చట్టంలో దారి ఉన్న మాట నిజమే. అవసరం ఉన్నవాళ్లకి అది చాలా ముఖ్యం కూడా. కానీ చరిత్రకి అది ఎందుకు పనికొస్తుంది? నేను చెప్పిన తేదీయే స్టాంపు వేసుకుని నా దగ్గరికి తిరిగొస్తుంది. అందుకే ఎవరి జనన ధ్రువపత్రం చూసినా పుట్టిన తేదీ పక్కనే రిజిస్ట్రేషన్ తేదీ కూడా రాసుకుంటున్నాను. మూడు రోజుల్లో నమోదైనదానికీ యాభై ఏళ్లకి నమోదైనదానికీ పోలికే లేదు. సర్టిఫికెట్ రెండింటికీ ఒక్కలాగే ఉంటుంది.

"లభ్యం కాలేదు" అన్న కాగితాన్ని పారేయలేదు. ఏ ఊరికి, ఏ సంవత్సరానికి, ఎవరు ఎక్కడ వెతికారో అలాగే రాసి పెట్టుకున్నాను. దాన్నిబట్టి తాతయ్య పుట్టుక నమోదు కాలేదని అనలేం. ఆ గదిలో ఆ పుస్తకం కనబడలేదు, అంతే.

తప్పు నేను వెతికిన చోటులో ఉందని తర్వాత తెలిసింది. వంశవృక్షంలో పుట్టిన ఊరి పక్కన "బాపట్ల జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని రాసుకున్నాను, నా మనసులోనూ అదే ఉంది. 1933లో ఆంధ్రప్రదేశ్ ఎక్కడిది? అప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో, గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లాం, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మళ్లీ బాపట్ల జిల్లాలో కలిశాం. ఊరు కదలలేదు, కాగితాలు మాత్రం ఇన్ని చేతులు మారాయి. అందుకే ఇప్పుడు ఊరిని రెండు విధాలుగా రాస్తున్నాను, పుట్టిన నాటికి ఏ తాలూకా ఏ జిల్లా అన్నది ముందు, ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది తర్వాత. ఇది అలంకారం కాదు, వెతకబోయేవాళ్లకి దారి.

పాత తాలూకా లెక్కన వెళ్లి అడిగితే, ఒక రికార్డు గదిలో మా ఊరి పుస్తకం దొరికింది. తీసిపెట్టిన గుమాస్తాగారు దుమ్ము దులుపుతూ, "తాతగారి కోసం వచ్చినవాళ్లు తక్కువండీ, అందరూ పాస్‌పోర్ట్ కోసం వస్తారు" అన్నారు. పొడుగాటి పుస్తకం, అంచులు పురుగు తినేసింది. సిరా నల్లగా, అక్షరాలు గొలుసుకట్టుగా ఉన్నాయి. ఫిబ్రవరి పేజీలో వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చాను. వరుస నంబరు 11. పుట్టిన తేదీ 6. మగ. తండ్రి పేరు, మా ఇంటిపేరుతో సహా. వృత్తి నేత. సమాచారం ఇచ్చినవారు తండ్రి. నమోదు తేదీ 9. కింద మునసబు సంతకం.

పిల్లవాడి పేరు రాయాల్సిన చోట ఒక గీత.

చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. పుట్టి మూడు రోజులే, బారసాల కాలేదు, పేరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన పేరు నా నోట్లోనే ఉంది కానీ పుస్తకంలో లేదు. తల్లి పేరు రాసే గడే లేదు. మా ముత్తవ్వ నొప్పులు పడి కన్న బిడ్డ గురించి రాసిన ఆ వరుసలో ఆమె ఎక్కడా లేదు.

ఇక్కడే నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఇది తాతయ్య జనన రికార్డు అని రాసేయొచ్చా? పుస్తకం చెప్పేది ఒక్కటే, ఫలానా నేతపని ఆయనకి ఆ రోజున మగబిడ్డ పుట్టాడని. ఆ బిడ్డే తాతయ్య అని చెప్పడం నా పని. పైగా మా ముత్తాతకి వరసకు తమ్ముడయ్యే ఒకాయనది కూడా అదే ఇంటిపేరు, అదే పేరు. అందుకని గుమాస్తాగారిని బతిమాలి 1929 నుంచి 1936 దాకా పుస్తకాలు తిప్పాను. 1930లో ఒక అబ్బాయి, 1933లో ఈ అబ్బాయి, 1935లో ఒక అమ్మాయి. మా పెదతాత, తాతయ్య, తాతయ్య చెల్లెలు, ఈ వరస సరిగ్గా సరిపోయింది. ఆ రెండో ఆయన పిల్లలు వేరే నంబర్లలో ఉన్నారు, ఆయన వృత్తి వ్యవసాయం అని ఉంది. జాతకంలోని సోమవారం, పుస్తకంలోని 6వ తేదీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కలిశాయి. ఒకటి బ్రాహ్మడు రాసింది, ఒకటి మునసబు రాసింది. ఇంతకుముందు బడి తేదీ, జాతకం కలిశాయని సంబరపడ్డాను కదా, అది కాకతాళీయం. ఇది అలాంటిది కాదు.

ఫీజు కట్టి నకలు తీసుకున్నాను. టైపు చేసిన ఆ నకలులో తండ్రి వృత్తి లేదు, సమాచారం ఎవరిచ్చారో లేదు. ఆ రెండో ఆయన కాదని తేల్చిన వృత్తే నకలులో ఎగిరిపోయింది. నకలు మాత్రమే చూసినవాళ్లకి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకని పుస్తకాన్ని ఒక ఆధారంగా, నకలుని ఇంకో ఆధారంగా వేరువేరుగా రాశాను. పుస్తకం గురించి రాసింది దాదాపు ఇలా ఉంది: "మద్రాసు ప్రెసిడెన్సీ, గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా, మా గ్రామం, జనన రిజిస్టరు, 1933, వరుస నంబరు 11. పుట్టిన తేదీ 6 ఫిబ్రవరి 1933, నమోదు 9 ఫిబ్రవరి 1933. మగ శిశువు, పేరు రాయలేదు. సమాచారం ఇచ్చింది తండ్రి. తల్లి పేరు గడి లేదు. అసలు పుస్తకం నేనే చూశాను." దాని వెంట పుస్తకం ఎక్కడుందో, నేను చూసిన తేదీ ఏదో. ఆ కింద వేరే పేరాలో, ఈ శిశువు తాతయ్యే అని నేను ఎందుకు అనుకుంటున్నానో. రికార్డు చెప్పిన మాట, నేను చెప్పే మాట కలిసిపోకూడదని ఆ పేరా విడిగా పెట్టాను. రేపు ఎవరైనా నా ఆలోచన తప్పంటే, రికార్డు జోలికి పోకుండా ఆ పేరానే కొట్టేయొచ్చు.

ఈ పట్టుదలతోనే మా ఆవిడ వాళ్ల వైపు కూడా సరిచేయడం మొదలుపెట్టాను. వాళ్లు గుంటూరు లూథరన్లు, 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన మిషన్‌కి చెందినవాళ్లు. పాత రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో వాళ్ల పెద్దవాళ్ల బాప్తిస్మం వివరాలు కొన్ని దొరికాయి. అవి రిజిస్టరు ఫోటోలు కావు, ఎవరో చదివి ఎక్కించిన సూచిక మాత్రమే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, ఒకచోట అసలు లేదు. దాన్ని "చర్చి రిజిస్టరు" అని రాస్తే అబద్ధమవుతుంది. నేను రిజిస్టరు చూడలేదు కదా. సేకరణ పేరు, ఫిల్మ్ నంబరు, సూచికలో పేరు ఎలా ఉందో అక్షరం మార్చకుండా, నేను చూసిన తేదీ, "సూచిక మాత్రమే చూశాను" అన్న మాట, ఇవన్నీ రాశాను. లింకు ఒక్కటే పెట్టి ఊరుకుంటే అది చెడిపోయిన రోజున చేతిలో ఏమీ మిగలదు.

బాప్తిస్మం తేదీని పుట్టిన తేదీగా ఎక్కించేయడం చాలామంది చేసే తప్పు. లూథరన్లు పసిపిల్లలకి ఇస్తారు కాబట్టి తేడా కొన్ని వారాలో నెలలో ఉండొచ్చు. బాప్టిస్టు సంఘాల్లో అలా కాదు, ఊహ తెలిసి విశ్వాసం ఒప్పుకున్నాకే ఇస్తారు. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో, గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ తేదీని తమ పూర్వీకుల పుట్టినరోజుగా పెట్టుకుంటే ఎంత పొరపాటో చూడండి.

అన్నిటికీ కాగితం దొరకదు. తాతయ్యకి పెద్దక్క ఒకామె ఉండేది. 1921లో చీరాల పేరాల ఉద్యమం నాటికి మా ముత్తాత చీరాలలో నేత పని చేసేవాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పిలుపు మీద జనం ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నప్పుడు వీళ్లూ వెళ్లారని, ఆ రామ్‌నగర్ పాకల్లోనే ఆమె పుట్టిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. దీనికి నా దగ్గర ఏ రికార్డూ లేదు. తీసేయలేదు. "ఇంట్లో చెప్పుకునే మాట, నాన్నగారి నోట విన్నది" అని, ఆ విన్న రోజు తేదీతో రాశాను.

1932 ఉన్న ముగ్గురికీ సందేశం పెట్టాను. ఇద్దరు మార్చారు. మూడో ఆయన నుంచి ఇంకా జవాబు రాలేదు.

మొన్న ఊరెళ్లినప్పుడు నాయనమ్మకి నకలు చదివి వినిపించాను. ఆమె బతికుంది కాబట్టి ఆమె వివరాలేవీ ఆన్‌లైన్‌లో పెట్టలేదు, ఇక్కడా రాయను. ఫిబ్రవరి ఆరు అంటే ఆమెకి ఏమీ అనిపించలేదు. మాఘ శుద్ధ ఏకాదశి అనగానే తల తిప్పి చూసింది.

"భీష్మ ఏకాదశి. ఆయన పుట్టినరోజేగా. దానికి ఏడాది తిరిగావా? నన్నడిగితే చెప్పేదాన్నిగా."

"నీకెలా తెలుసు నాయనమ్మా?"

"ఎలా తెలియడమేమిట్రా. పెళ్లయి వచ్చిన ఏడే మా అత్త చెప్పింది. ఆ రోజు ఆయన ఉపవాసం, మర్నాడు పరమాన్నం. పోయేదాకా ఒక్క ఏడూ తప్పలేదు."

మా అత్త అంటే మా ముత్తవ్వ. రిజిస్టరులో పేరు లేని ఆవిడ.

ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని ఫోన్‌లో మూడో ఆధారం చేర్చాను: నాయనమ్మ చెప్పిన మాట, చెప్పిన తేదీ, చెప్పిన చోటు. ఆమెకి ఎలా తెలుసన్న చోట, శిశువు తల్లి స్వయంగా చెప్పగా విన్నది అని రాసి, తల్లి పేరు పూర్తిగా రాశాను.